మలుపు కాడ నా డ్యూటీ

గా గంజును ఇంకెంతసేపు తోముతవే షహజాదీ? అడుగు ఊడొస్తది. పరుగు పందెంకెళ్లి వచ్చిన సంది నల్లా కాడనే కూసున్నవ్. నేను రెండుసార్లు వచ్చి నిలవడితి, తల ఎత్తకపోతివి.

ఒక్క వాకిట్ల కిరాయికుంటున్నం. నీ పోపు వాసనకు నాకు తుమ్ములొస్తయ్, నా కుక్కర్ కూతకు నీ బిడ్డ లేస్తది. మొఖం తిప్పుకుంటే ఎన్నొద్దులు తిప్పుకుంటవ్? తిట్టు. నోరార తిట్టరాదు? మీ ఆయన హనీఫ్ భాయ్ ఇంట్లనే ఉన్నడా? ఉండనీ. ఆయన కూడ ఇననీ.

నా తిప్పలు కూడ జర ఇను మరి. మలుపు కాడ డ్యూటీ అంటే మాటలా? ఉన్నదే ఇద్దరం. సిద్ధయ్య నీళ్ల గ్లాసులు అందియ్యాలె, మలుపు దాక వచ్చినోళ్ల చేతికి నేను రిబ్బన్లు తొడగాలె. గాయిన నీళ్ల డబ్బా తెస్తనని వోయి ఫోన్ పట్టుకొని కూసున్నడు. హైదరాబాద్‌కెళ్లి వచ్చినోళ్లు గుంపులు గుంపులుగ వస్తున్రు. ఒకడు నా మీదనే నీళ్లు ఒలకబోసె. ఒక పోరి, "ఇంకెంత దూరం ఆంటీ" అనె. ఆంటీ అట! టీషర్ట్ మీద గంత పెద్దగ వాలంటీర్ అని రాసి ఉంటే దానికి ఆంటీ ఎట్ల కనవడ్డదో!

నవ్వినవా? లేదా? సరే.

గా రిబ్బన్లు కూడ చిక్కువడ్డయే. ఒకటి గుంజితే నాలుగు రావట్టె. గా గడబిడల నువ్వెప్పుడొచ్చినవో, ఎప్పుడు మర్రినవో...

వద్దులే. ఇంతసేపు మన క్లబ్బు స్వరాజ్యలక్ష్మికి గిదే చెప్పిన. నీకు కూడ గిదే చెప్తే నా నోరు పురుగులు వడ్డట్టే.

షహజాదీ, నిన్ను కోమటి చెరువు కట్ట మీదికి తీస్కపోయింది ఎవలే? నేనే గదా. నీకు థైరాయిడ్ వచ్చిందని డాక్టర్ నడువుమంటే, నీ అత్త ఒద్దంటే, నేనే మధ్యల వడ్డ. "ఈ దేవిక ఉన్నది అత్తమ్మా, తీస్కపోయి తీస్కొచ్చే జిమ్మ నాది" అన్న. నా పాత బూట్లు నీకిస్తే, ముందర బట్ట కుక్కి తొడుక్కుంటివి. మొదటి దినం బతుకమ్మ ఘాట్ దాక ఉరికి, కడుపు పట్టుకొని కూలవడితివి. నేను వీపు రాసిన. యాదికున్నదా?

గప్పుడు నువ్వు నా ఎన్క ఉరికేదానివి. గప్పుడు నాకు నువ్వంటే పానం.

తర్వాత నా పక్కకొచ్చినవ్. ఇగ ఆ తర్వాత ముందటికి వోయినవ్. పోనీ, ఊకె పోతివా? మలుపుకోపారి ఆగి, "అక్కా, రా అక్కా, నేను ఆగుత" అంటివి. గా మాట నన్నెంత కోసిందో నీకేం ఎరుక? ఈయేడు నా మోకాలు పట్టేసె. క్లబ్బు రూలు, ఉరకనోళ్లు డ్యూటీ చెయ్యాలె. ఈసారి బ్యానర్ మీద నీ ఫోటో వేసిన్రు. నెత్తికి స్కార్ఫు కట్టుకొని నువ్వు నవ్వుతున్నవ్. పక్కపొంటి నా మోచెయ్యి ఒక్కటే కనవడ్డది. నేను తీస్కొచ్చిన దాని ఫోటోల నేను మోచెయ్యినైన!

సిగ్గు లేదా అంటవా? ఉన్నదే. గిప్పుడు మస్తు ఉన్నది. పొద్దుగాల లేకుండె.

నువ్వొచ్చుడు నేను దూరంకెళ్లే చూసిన. చిన్నకోడూరు తోవల, గా ఎక్కుడు కాడ, ఆడోళ్లల అందరికంటె ముందు నీ స్కార్ఫే కనవడ్డది. నీ ఎన్క ఎవలో బయటూరామె మస్తు దూరంల ఉన్నది. రిబ్బన్లేం చిక్కువడలే. ఒక ఎర్ర రిబ్బన్ నా వేళ్ల నడుమ తయారుగనే ఉండె.

నువ్వు ఆగలే. ఎందుకు ఆగుతవ్? పోయినేడు నేను ఉరికిన, నీకు మలుపు కాడ డ్యూటీ వడె. నేను ఆగితే వెనుకవడ్త అని, చెప్పులు కాళ్లకుండంగనే నా పక్కపొంటి ఉరికి నా చేతికి తొడిగితివి. చెప్పు తెగితే ఒంటి చెప్పుతోని ఎన్కకు వోయినవ్. అక్క కూడ గట్లనే చేస్తది అనుకున్నవ్. నవ్వుకుంట చెయ్యి చాపినవ్. "అక్కా, జల్ది!" అన్నవ్.

నేను గ్లాసుల దిక్కు తిరిగిన.

గంతే షహజాదీ. ఎవ్వలు నీళ్లు అడగలే. ఊకెనే తిరిగిన. ఒక గ్లాసు తీసి, ఒలకబోసి, మల్ల నింపిన. నువ్వు ఇంకోసారి "అక్కా" అన్నవ్. ఇనవడ్డది. తర్వాత నీ బూట్ల చప్పుడు దూరం వోయింది. గవి నా బూట్లే గదా, గా చప్పుడు నాకు తెల్వదా?

తొడగకపోతే ఏమైతదో నాకెరుకనే. చేతికి రిబ్బన్ లేకుంటే సగంలకెళ్లి మర్రొచ్చినట్టే లెక్క. గంత ఎరుక ఉండి చేసిన.

నేను అనుకున్నదేందో చెప్పాల్నా? నువ్వు లొల్లి చేస్తవ్, నన్ను తిడ్తవ్, మందిల చూడలే అని నేనంట, క్లబ్బు సారు ఏదో ఒకటి సర్దుతడు. గదే అనుకున్న. గని నువ్వేం చేస్తివే? గెలిచినవని మైకుల నీ పేరు పిలిచి మల్ల ఆపితే, రాజమల్లయ్య సారు రిబ్బనేది అని అడిగితే, "అక్క పిలిచింది సార్, నేనే ఆగలే" అంటివట! నన్నెందుకే కాపాడవోయినవ్? నేను తిరిగింది చూసినవ్ గదా? కావాల్నని తిరిగిన్నని తెల్సింది గదా?

గప్పుడే సారు నాకు ఫోన్ చేసిండు. స్పీకర్ల పెట్టిండట, అందరి ముందట. నాకేం తెల్సు నువ్వు గట్ల చెప్పినవని? "షహజాదీ వచ్చిందా అమ్మా నీ కాడికి?" అన్నడు. నేను, "చూడలే సార్" అన్న.

నువ్వేమో పిలిచిందంటివి. నేనేమో చూడనే లేదంటి. నీ మాట అబద్ధమైంది. నన్ను కాపాడవోయి నువ్వు దొంగవైతివి. గా బయటూరామెకు కప్పు ఇచ్చిన్రు. మంది నవ్విన్రట. హనీఫ్ భాయ్ మెకానిక్ షెడ్డు కాడ కూడ, "మీ ఇంటామె సగంలకెళ్లే మర్రిందట గదా" అన్నరట. ఇగ రేపటి సంది నీ ఉరుకుడు బంద్ అన్నడట ఆయన. నీ అత్త బూట్లు తీసి అటుక మీద వేసిందని నీ బిడ్డనే చెప్పింది నాకు.

నువ్వు ఏడ్వకు. ఏడ్వవలసింది నేను. గా గంజు ఇటియ్యి. ఇయ్యవా? పట్టుకో మరి.

నన్ను మాఫ్ చెయ్యమని రాలేదే. ఏ మొఖం పెట్టుకొని అడుగుత? ఒక్క పని చేద్దామని వచ్చిన. నీ ముందట చేస్తేనే మల్ల మాట మార్చ, అందుకే వచ్చిన. ఫోన్ల క్లబ్బు గ్రూపుల అందరున్నరు. ఆగు, గీ మైకు బొమ్మ ఒత్తి పట్టుకోవాలె.

"రాజమల్లయ్య సారూ, నేను దేవికను. షహజాదీ మలుపు దాకా వచ్చింది. ఆడోళ్లల అందరికంటె ముందుగాల వచ్చింది. చెయ్యి చాపింది. నేనే కావాల్నని తొడగలే. ఓర్వక తొడగలే. నేను పిల్వనే లేదు, గామె నన్ను కాపాడనీకి గట్ల చెప్పింది. మీకు ఫోన్ల చెప్పింది అబద్ధం సార్."

పోయింది.

గట్ల చూడకే నా దిక్కు. ఇగ నన్ను కట్ట మీదికి ఎవ్వలు రానియ్యరు, రానియ్యకపోతే మానె. నువ్వు మాత్రం అటుక మీదికెళ్లి బూట్లు దించుకో. హనీఫ్ భాయ్, ఇన్నవా? నీ పెండ్లాం సగంలకెళ్లి మర్రలే. ఆమె జిమ్మ నాదని చెప్పి, నేను మర్రిన.

అగో, ఫోన్ మోగుతున్నది. సారే. నల్లా బంద్ చెయ్యి జర, నువ్వు కూడ ఇను.

హలో... ఆ సార్, నేనే. లేదు సార్, ఎవ్వలు బలవంతం చెయ్యలే. చూసిన సార్. దూరంకెళ్లే చూసిన.