యుద్ధపు బాండు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, చిత్తూరు పోస్టాఫీసు మెట్ల మీద మామ నోట్లు పట్టుకుని కూర్చున్నాడు. తాలూకాఫీసు గుమాస్తా అయిన అల్లుడు పక్కనే నిలబడ్డాడు.

“వడ్డీతో సహా ఇచ్చినారు కదా మామా?”

“ఇచ్చినారప్పా. ఎద్దుల జత అమ్మి బాండు కొన్నా. ఇప్పుడీ దుడ్డుకు ఒక ఎద్దే వస్తాది.”

“యుద్ధానికి అప్పులు సాలక సర్కారు నోట్లు అచ్చేసింది. అందుకే ధరలు పెరిగినాయి.”

“ఆ మాట అప్పుడే సెప్పుండొచ్చు గదప్పా.”

“నాకూ తెలీదు మామా. పైవాళ్లు బాండ్లు అమ్మమంటే, నీకూ మంచిదే అనుకున్నా.” మామ ముఖం చూడలేక అతను వీధి వైపు తిరిగాడు. “ఒక ఎద్దుతో ఎట్ల దున్నుతావు?”

“పక్క చేను దామోదరం కాడా ఒకటే ఉండాది. జత కలుపుకుంటాం.”

“ఆయనకు రెండుండె గదా?”

“నీ మాట మీదే వాడూ ఒకదాన్ని అమ్మి బాండు కొన్నాడప్పా.”