దుమ్మును దుమ్మని చెప్పిన మనిషి: శ్రీ కొండబత్తిని జనార్దన్ గారు

1986 ఆగస్టు 18వ తేదీ, సోమవారం నాడు మన పత్రిక జగిత్యాల కార్యాలయంలో ఫోటోగ్రాఫరుగా చేరిన శ్రీ కొండబత్తిని జనార్దన్ గారు, ఇరవై ఏడేళ్ళకు పైబడిన నిరంతర సేవానంతరం, ఈ 2013 డిసెంబరు 31న పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భాన నాలుగు మాటలు రాయమని మిత్రులు నన్ను కోరారు. డెబ్బై దాటినా పొమ్మనలేక ఇంకా ప్రూఫులు దిద్దిస్తున్న ముసలివాడిని నేను. మేడిపల్లి బడిలో నేర్చిన తెలుగు నాది. తప్పులుంటే దిద్దేవాడు కూడా నేనే కనుక పాఠకులు క్షమించాలి.

సిరిసిల్ల పద్మశాలి కుటుంబంలో జన్మించి, మగ్గం మీద కన్నా ఫోటోల మీద మక్కువ పెంచుకొని, కోరుట్లలోని ఒక స్టూడియోలో చీకటిగది పనిని అభ్యసించిన జనార్దన్ గారు, ఫిల్ము కాలంలో ముప్పై ఆరు బొమ్మల రీలును వారం రోజులు పొదుపుగా వాడిన నిగ్రహశాలి. 2005లో కార్యాలయానికి డిజిటల్ కెమెరా వచ్చింది. దానితో వచ్చింది వెడల్పు లెన్సు ఒక్కటే. దూరపు మనుషుల్ని దగ్గరికి తెచ్చే పొడుగు లెన్సును వారు సొంతంగా కొనుక్కున్నారు. ఆ లెన్సుతో జగిత్యాల ఖిల్లా మీద నిలబడి, కోరుట్లలో చాయ్ తాగే మనిషి కప్పులో చక్కెర కరిగిందో లేదో చెప్పగలరని నేను ప్రచారం చేశాను. నలుగురు నమ్మారు. అయిదో ఆయన లెన్సు అద్దెకు అడిగాడు.

ఏ లెన్సు కొనాలని కొత్త విలేకరి నరేశ్ ఒకసారి అడిగినప్పుడు వారు ఇచ్చిన జవాబును నేను పక్క బల్ల నుంచి విన్నాను.

"ముందుగాల నీ కాళ్ళు చూస్కో తమ్మీ. నాలుగడుగులు ముందటికి పోరానోనికి ఎంత పొడుగు లెన్స్ ఇచ్చినా మనిషి దొరకడు. గుంపు ఎంతున్నదో చూపాల్నంటే వెడల్పుది పెట్టు. గుంపుల ఒక్కని మొఖం గావాల్నంటే పొడుగుది. ఏది పెట్టినా, మార్చేటప్పుడు గాలికి వీపు వెట్టు, కెమెరా నోరు కిందికి వెట్టు."

కెమెరా లోపల బొమ్మ పడే చిన్న పలకను సెన్సర్ అంటారు. దాని మీద ధూళికణం వాలితే, తుడిచేదాకా ప్రతి ఫోటోలోనూ ఒకే చోట మచ్చ పడుతుంది. దాన్ని శుభ్రం చేయడం జనార్దన్ గారికి ఒక వ్రతం. గదిలో నీళ్ళు చల్లేవారు, ఫ్యాను ఆపేవారు, మమ్మల్ని దగ్గవద్దనేవారు. కెమెరాను బోర్లించి పట్టుకొని రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, అప్పటికీ పోకపోతేనే మెత్తని పుల్లతో ఒకే వైపు ఒక్కసారి తుడిచేవారు. నోటితో ఊదినవాడిని ఆ రోజంతా పలకరించేవారు కారు. ఇంతటి శుభ్రతే ఒక పేదవాడికి శాపమవుతుందని ఎవరు అనుకుంటారు?

2011 సెప్టెంబరు, సకల జనుల సమ్మె రోజులు. సిరిసిల్ల రోడ్డు మీదే జనం వండుకు తినే వంటావార్పు నిరసన జరుగుతున్న ఒక మంగళవారం, మిట్టమధ్యాహ్నం, ఆ జనంలో, ఆ దుమ్ములో జనార్దన్ గారు నాలుగైదుసార్లు లెన్సులు మార్చారు. సాయంత్రం కెమెరా వెనక తెరపై ఫోటోలన్నీ చూస్తూ నేను ఎగతాళి చేశాను.

"జనార్దనా, ఆకాశంల ఈగ వడ్డదే. అన్నిట్ల గాడ్నే ఉన్నది."

"ఈగ గాదు రాజన్నా, దుమ్ము. కంప్యూటర్ల తీసేస్త."

తీసేయలేకపోయారు. గనుల సమ్మెతో బొగ్గు లేక కరెంటు పోయింది, ఇన్వర్టరు చివరి కూతలు కూస్తోంది. ఒక్క ఫోటో మాత్రం ఉన్నదున్నట్టు పంపగలిగారు. మర్నాడు అది జిల్లా పేజీలో అచ్చయింది. అదే ఉదయం వారు నియమం తప్పకుండా సెన్సరును తుడిచి, ఉన్న ఒక్క మెమరీ కార్డునూ ఖాళీ చేసుకొని, కోరుట్ల ర్యాలీకి వెళ్ళి దాని నిండా కొత్త ఫోటోలు తీసుకొచ్చారు.

గురువారం పొద్దున ఎల్లంతకుంట నుంచి సత్యవ్వ అనే కూలి మనిషి ఆ పేజీని మడిచి పట్టుకొని మా కార్యాలయానికి వచ్చింది. ఫోటోలో చెయ్యెత్తి నిలబడ్డవాడు ఆమె కొడుకు ఓదెలు. ఇస్తార్లు, అంటే విస్తరాకులు, అయిపోయాయి, తెమ్మని చెయ్యెత్తాడు. ఆ చేతికి జానెడు పైన ఆకాశంలో మచ్చ. ఆనాడు అక్కడికి ఫర్లాంగు దూరంలో ఎవరో పోలీసు జీపు అద్దం పగలగొట్టారు. పోలీసులు మచ్చను రాయి అన్నారు, ఓదెలును పట్టుకుపోయారు. వాడు అప్పటికే కానిస్టేబుల్ పరుగు నెగ్గి, రాతపరీక్ష దాటి, కొలువు కాగితం కోసం ఎదురుచూస్తున్నవాడు.

మన పత్రిక పెద్దలు ఠాణాకు వెళ్ళవద్దన్నారు. పత్రికలో తప్పు ఫోటో వేశామని మనమే ఒప్పుకుంటే పరువేముంటుందని వారి బాధ. వారు ఈ సంచిక చదువుతారు కనుక పేర్లు రాయను. జనార్దన్ గారు కెమెరా భుజాన వేసుకొని ఠాణాకు నడిచారు, వెంట నేనూ వెళ్ళాను. అది ఏ ఠాణా అన్నదీ రాయను.

"ఫోటో తీసినోనివి నువ్వే. చెయ్యెత్తినోడు వీడే. చెయ్యి మీద రాయి. ఇంకేం గావాలె?" అన్నాడు అధికారి.

"రాయి గాదు సార్. నా కెమెరల దుమ్ము. ఆ రోజు తీసిన ఫోటోలన్నిట్ల అక్కడ్నే ఉన్నది. తుడువక పోవుడు నా తప్పు."

"ఏవీ, ఆ ఫోటోలు చూపియ్యి."

"లేవు సార్. కార్డు ఖాళీ జేసిన."

"అట్లనా. అయితే ఇప్పుడొకటి తియ్యి. ఆకాశం తియ్యి."

జనార్దన్ గారు ఠాణా వాకిట్లో నిలబడి తల పైకెత్తి ఫోటో తీశారు. తెర మీద మచ్చుకైనా మచ్చ లేని నీలం.

"ఏది నీ దుమ్ము?"

"నిన్న పొద్దుగాల తుడిచిన సార్."

"మంచిగ తుడిచినవ్."

నేను ముందుకు వెళ్ళి, ఆ మచ్చను అన్ని ఫోటోల్లో నా కళ్ళతో చూశానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు మేడిపల్లి రాజన్నవు గదా? గొడుగుతోని చిరుతపులిని తరిమినోనివి." ఠాణా అంతా నవ్వింది. నా జీవితంలో చెప్పిన నిజాలు కొద్ది. ఇంకొకరికి పనికి రావలసినది వాటిలో అదొక్కటే.

బయట మెట్ల మీద సత్యవ్వ ఆ పేజీని ఒళ్ళో పరుచుకొని చూస్తోంది. "నువ్వు మంచిగ తీసినవ్ సారూ. నా కొడుకు ఫోటోల గింత సక్కగ ఎన్నడు పడలే" అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ ముఖాన్ని దగ్గరికి తెచ్చిన పొడుగు లెన్సును జనార్దన్ గారు ఆ రోజే బీరువాలో పెట్టేశారు.

ఓదెలు మూడు వారాలకు బెయిలు మీద వచ్చాడు. కేసు మాత్రం కదలడం లేదు, అది తేలేదాకా కొలువు కాగితం రాదు. చీఫ్ ఫోటోగ్రాఫరు హోదా జనార్దన్ గారిని దాటి వేరొకరికి వెళ్ళింది. ఈ రెండేళ్ళలో వారు ఓదెలు తరఫున సాక్ష్యం చెప్పడానికి పదిహేడుసార్లు కోర్టు మెట్లెక్కి, పదిహేడుసార్లు వాయిదా అనే మాట విని దిగి వచ్చారు. ఇప్పుడు సెన్సరు తుడిచే ముందు ఒక ఆకాశం తీసి, తేదీ వేసి దాచిపెడుతున్నారు. అట్లాంటి మచ్చల ఆకాశాలు నూటికి పైగా పోగయ్యాయి. వాటిలో ఒక్కటీ ఆ మంగళవారానిది కాదు.

సిరిసిల్లలో మరమగ్గం నడుపుతున్న ఓదెలుకు వచ్చే జులైతో ఆ కొలువుకు వయోపరిమితి దాటుతుంది. మొన్న కలిసినప్పుడు, తెలంగాణ వస్తే కేసులన్నీ ఎత్తేస్తారంటున్నారని ధైర్యం చెప్పబోయాను. "రాష్ట్రం అస్తది తాతా. నా వయసు ఆగుతదా?" అన్నాడు.

జనార్దన్ గారూ, విరమణ పొందుతున్నవారికి విశ్రాంతిని కోరడం మర్యాద. ఆ మర్యాద నేను చేయలేను. జనవరిలో పద్దెనిమిదో వాయిదా ఉంది. కోర్టుల నడక ఎరిగినవాడిని కనుక, మీకు నిండు నూరేళ్ళు చాలవేమోనని నా భయం. మీ చూపు చెదరకుండా ఉండాలి, మీ మోకాళ్ళు ఆ మెట్లకు ఓర్చాలి, మీ జ్ఞాపకానికి మరుపు సోకకూడదు. మీ సహధర్మచారిణి మిమ్మల్ని వేళకు తినిపించి, ప్రతి వాయిదాకూ ఇస్త్రీ చొక్కా వేసి పంపాలి. ఓదెలు నిర్దోషి అని రాసిన కాగితం వాడి చేతిలో పడేదాకా మీరు ఆయురారోగ్యాలతో జీవించి తీరాలి. మీరు లేని రోజున ఆ ఆకాశంలో ఉన్నది రాయే అవుతుంది.

— మేడిపల్లి రాజన్న, ప్రూఫ్ రీడరు