కీళ్ళకు కదలిక నేర్పిన శ్రీ చెన్నకేశవులు గారు

1957 జూలై 8వ తేదీ సోమవారం నాడు శ్రీ చెన్నకేశవులు గారు మన విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో భౌతిక చికిత్సకులుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఈ డిసెంబరు నెలాఖరున, యాభై ఐదేళ్ళ ప్రాయంలో, వారు ఆ బాధ్యతల నుండి విరమిస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ మా కళ్ళెదుట జరిగినదాన్ని చెప్పడానికి వైద్యశాస్త్రం నాకు నేర్పిన పదాలు చాలవు. అందుచేత వైద్యాధికారిగా కాక, ఆశ్చర్యచకితుడైన ఒక సహోద్యోగిగా ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించిన కేశవులు గారు యుద్ధకాలంలో పూనా సైనిక వైద్యశాలలో శిక్షణ పొంది, గాయపడిన జవాన్ల చేతులకు, కాళ్ళకు తిరిగి చలనం తెప్పించే పనిలో యౌవనాన్ని గడిపారు. ఆ తరువాత మద్రాసులో పనిచేసి, రాష్ట్రావతరణ జరిగిన మరుసటి ఏట ఇక్కడికి వచ్చారు. వారికి మేము చూపించగలిగింది అప్పటిదాకా దూది, కట్టుగుడ్డలు దాచుకున్న ఒక గది. వారు మన వడ్రంగి శాలకు స్వయంగా వెళ్ళి, పట్టుకుని నడిచేందుకు జంట కమ్మీలు, చేతులు పైకి లాగే కప్పీ, ఒక వెడల్పాటి బల్ల చేయించుకున్నారు. తొలి రోజుల్లో అందరూ వారిని 'మాలీషు సారు' అనేవారు. వారు కోపగించుకునేవారు కారు.

"మాలీషూ చేస్తానప్పా. అది మొదటి మెట్టే. తక్కిందంతా నువ్వే చేయల్ల," అనేవారు.

ఆ మాటలోనే వారి శాస్త్రమంతా ఉంది. నడుము పట్టేసిందని వచ్చినవారిని మంచానికి అప్పగించి, మాత్రలిచ్చి పంపడమే మాకు తెలిసిన వైద్యం. కేశవులు గారు వారిని లేపి నిలబెట్టి, వెన్నును మోసే కండరాలను మెల్లమెల్లగా మేల్కొలిపేవారు. పరీక్షల విభాగంలో టైపు చేసే శ్రీమతి శారద గారి మణికట్టు స్నాయువు వాచి, ఉద్యోగం మానుకోవలసివస్తుందని ఆమె కంటతడి పెట్టుకున్నప్పుడు, వారు ఆ చేతిని చూడడానికి ముందు ఆమె కూర్చునే కుర్చీని చూడడానికి వెళ్ళారు. కుర్చీ ఎత్తు మారింది. విశ్రాంతి, వ్యాయామం తోడయ్యాయి. శారద గారు నేటికీ అదే విభాగంలో టైపు చేస్తున్నారు. ఇటువంటివి ఎన్నో చెప్పవచ్చును. కానీ ఈ ఏడాది నేను చూసిన ఒక్కటి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది.

జనగామ ప్రాంతపు రైతు కుటుంబం నుండి వచ్చిన రాజలింగు మన ఎం.ఏ. విద్యార్థి. గత సంవత్సరం మెట్టుగూడ దగ్గర బస్సు ఫుట్‌బోర్డు మీది నుండి జారిపడి మోకాలి చిప్ప విరగ్గొట్టుకున్నాడు. శస్త్రచికిత్స జరిగింది, ఎముక అతికింది. కానీ పిండికట్టు విప్పేసరికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. అతికిన ఎముకను ఎక్స్‌రేలో చూసి నేను సంతోషించాను. కేశవులు గారు మోకాలి మీద చేయి వేసి, "ఎముకది అయిపోయింది డాక్టరుగారూ. ఇప్పుడు కీలుది మొదలు. విడవకుండా రోజూ చేయించకపోతే ఇట్లే నిలిచిపోతాది," అన్నారు.

చికిత్స మొదలైన కొద్ది రోజులకే ప్రత్యేక తెలంగాణ రాష్ట్రోద్యమం మన ప్రాంగణాన్ని ముంచెత్తింది. తరగతులు ఆగిపోయాయి, హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. నేనూ ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణే. విద్యార్థుల ఆవేదన నాకు తెలియనిది కాదు. రాజలింగు చంకకర్రల మీద నిలబడే ఊరేగింపులలో నినాదాలిచ్చాడు. ముల్కీలు, అంటే స్థానికులు, కానివారు వెళ్ళిపోవాలన్న నినాదం వాటిలో ఒకటి. ఆపైన అతడు చికిత్సకు రావడం మానేశాడు.

కేశవులు గారి ఇరుగుపొరుగున ఉన్న రాయలసీమవారు కొందరు అప్పటికే పెట్టెలు సర్దుకుంటున్నారు. కేశవులు గారు మాత్రం ఒక ఉదయం నా ఇంటికి వచ్చి, "ఆ పిల్లోడు తార్నాకలో యాడుంటాడో మీకు తెలుసునా?" అని అడిగారు. వద్దని చెప్పి చూశాను. వినలేదు. చివరికి నేనూ వెంట వెళ్ళాను.

వీధి మొగదల యువకులు రాళ్ళు పేర్చి దారి కట్టారు. ఒకడు ముందుకొచ్చి, "ఏడికి పోతున్నరు?" అన్నాడు.

నేను జవాబు చెప్పబోతుంటే కేశవులు గారే అందుకున్నారు. తమ యాసను రవ్వంతైనా దాచుకోలేదు.

"మోకాలు వంచేదానికి పోతాండా. రవంత దోవ ఇడవండప్పా."

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఎవ్వరి మోకాలు?"

"రాజలింగుది."

ముందుకొచ్చిన ఆ యువకుడే వంగి రెండు రాళ్ళు పక్కకు జరిపాడు. "రాండ్రి సార్. ఇల్లు నేను చూపిస్త," అన్నాడు.

బుచ్చవ్వ అనే ఆవిడ ఇంట్లో అద్దెకుంటున్న గదిలో రాజలింగు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే తల దించుకున్నాడు.

"సార్, మిమ్ముల పొమ్మని ఒర్లినోన్ని నేను. నా తానికి ఎందుకొచ్చిండ్రు?"

కేశవులు గారు అప్పటికే చాప పరుస్తున్నారు. "నువ్వు అరిచింది నోటితో గదప్పా. నోటికి నేను వైద్యం చేయను. కాలు చాపు." కొంతసేపు మోకాలిని వెచ్చటి గుడ్డలతో కాచి, మెత్తగా అన్నారు: "నీకు రావలసింది నువ్వు అడుగు, గట్టిగానే అడుగు. అయితే రెండు కాళ్ళ మీద నిలబడి అడగల్ల."

ఆ నాటి నుండి ప్రాంగణం మూతపడి ఉన్నా ఆ చికిత్స ఆగలేదు. దారి కట్టిన యువకులే వారిని వెంటబెట్టుకుని తీసుకువెళ్ళి, ఇంటి దాకా దిగబెట్టేవారు. కర్ఫ్యూ ఉంటే కేశవులు గారు, అది సడలించిన వేళ కోసం కనిపెట్టుకుని ఉండి బయలుదేరేవారు.

మధ్యలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. ఆతురత పట్టలేక రాజలింగు స్నేహితుల చేత మోకాలిని బలవంతంగా వంగదీయించుకున్నాడు. అది వాచి, కాలిపోతూ, వంగిన కాస్తా పోయింది. మత్తు ఇచ్చి వంచక తప్పదేమోనని నేను భయపడ్డాను. కేశవులు గారు మందలించలేదు. వాపు తగ్గేదాకా కాలిని కదపనివ్వలేదు; ఆపైన తొడ కండను బిగించి వదలడంతో అంతా మొదటి నుండి ఆరంభించారు. అంతటి ఓర్పును నేను మరెక్కడా చూడలేదు.

ఆ రోజుల్లోనే రాజలింగు తల్లి రాములమ్మ పల్లె నుండి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"అయ్యా, నా కొడుకు కింద కూసోని బువ్వ తింటడా? మంచిగైతదని ఒక్క మాట చెప్పుండ్రి."

"నేను మాటిచ్చేది కాదమ్మా ఇది. వాడు చేసేది. వాడు చేస్తాడనే నా నమ్మకం."

"చేస్తడు. చెయ్యకుంటే నేనున్న," అందామె, కొడుకు వంక చూస్తూ.

వానలు పడి చాలా రోజులైన తరువాత ఒక మధ్యాహ్నం మేము వెళ్ళేసరికి రాములమ్మ అన్నం వడ్డిస్తున్నది. రాజలింగు గోడ పట్టుకోలేదు, ఎవరి చేయీ అడగలేదు. నెమ్మదిగా దిగి, విరిగిన కాలిని మడిచి, బాసింపట్టు వేసి తల్లి పక్కన కూర్చున్నాడు. నొప్పి పుట్టింది కాబోలు, పెదవి కరచుకున్నాడు, కానీ లేవలేదు. రాములమ్మ గరిటె పట్టుకున్న చేయి పట్టుకున్నట్టే ఉండిపోయింది. "బిడ్డా!" అన్నది.

కేశవులు గారు బయటికి నడిచారు. గడపలో విడిచిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి. ఎండకు కాగిన తార్నాక రోడ్డు మీద వట్టికాళ్ళతో ఇల్లు చేరిన భర్తను చూసి శ్రీమతి రమాదేవి గారు, "చెప్పులేవండీ?" అని అడిగితే, "వాడు కూర్చున్నాడు రమా!" అన్నారట. ఆ సంగతి ఆమే నాతో చెప్పారు. నేను తెచ్చి ఇచ్చిన చెప్పులను చూసి మాత్రం చిన్నపిల్లవాడిలా సిగ్గుపడ్డారు.

విరిగిన ఎముక తనంతట తాను అతుక్కోవడం ప్రకృతి మహిమ. కానీ తన యజమాని మాటే వినని కీలును, ఇద్దరు మనుషులు నమ్మకంతో, నొప్పితో, నిత్యకృషితో తిరిగి మనిషి వశం చేయడం చూసిన నాడు, ఇన్నేళ్ళు వైద్యుణ్ణని చెప్పుకున్న నేను చేతులు జోడించాను.

విరమణానంతరం తాడిపత్రి వెళ్ళిపోతారేమోనని మేము బెంగపడ్డాం. కేశవులు గారు నవ్వి, తార్నాక విడిచి ఎక్కడికీ వెళ్ళడం లేదని చెప్పారు. ఇది మన భాగ్యం. వారి వెన్ను ఎన్నడూ వంగక, వారి చేతుల వెచ్చదనం తరగక, రమాదేవి గారి సాహచర్యంలో వారు నిండు ఆరోగ్యంతో సంపూర్ణాయువును అనుభవించాలనీ, ఈ వీధులలో తమ కాళ్ళ మీద తాము నడిచిపోయే ఎందరో ఆగి వారికి నమస్కరించే ఉదయాలు ఇంకా ఎన్నో ఏళ్ళు తెల్లవారాలనీ మనసారా కోరుకుంటున్నాను.

— డాక్టర్ ఇన్నయ్య,
వైద్యాధికారి, ఆరోగ్య కేంద్రం