మొగలో మునిగిన నూనె

"తాతా, నూనె నీళ్ళమీద తేల్తాది గదా, మరి మొగలో ములిగిపోయిందంటావేటి?" అని అడిగేవు గదా. సెప్తాను కూకో. ఆ ఫోను నా మూతికి అంత దగ్గర పెట్టకు.

ఆ కబురు నాకు ముందు సెప్పింది మా బావ అప్పన్న, మా నూకాలప్ప మొగుడు. అప్పంటే నాకు పెద్దది, నన్ను సంకనెత్తుకు పెంచింది. శారదా ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ పల్లెకిచ్చేరు దాన్ని. మాదీ వలోళ్ళ ఇల్లేగాని, ఇక్కడ చోడవరం చెరువుల్లో సేపలు పట్టుకునీవోళ్ళం. చెరుకు రోజులొస్తే గానుగ కాడికి కూలికి పోయీవోళ్ళం. గానుగకి ఆయిలింజను వొచ్చి అప్పటికి రెండేళ్ళయింది, దానికి నూనె పోసీవోణ్ణి నానే. ఇంకెవుడికీ తెలీదు ఆ పని.

ఆంధ్రరాష్ట్రం వొచ్చిన కొత్త అది. వానలింకా ఎనకబట్టనేదు. బావ నడిసి నడిసి వొచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా, "ఒరే సత్తిగా, మొగలో పెద్ద పడవ ఇసకమేట ఎక్కి ఇరిగిపోనాది. పీపాలు పగిలి నీళ్ళంతా నల్లనూనె. నీకు ఇంజన్నూనె సంగతి తెలుసుగదాని మీ అప్ప రమ్మంది" అన్నాడు. అప్పకిష్టమని మాడుగుల హల్వా ఆకులో కట్టించుకుని ఎళ్ళేను. దాని ధర సెప్తే నువ్వు నవ్వుతావు, పోనీలే.

ఎళ్ళి సూద్దును గదా, పైనుంచి ఏరు ఎర్రగా వొస్తంది, బురద బురదగా. కిందనుంచి సముద్రం పోటు. మద్దెన ఈ నూనె నల్లటి దుప్పటి పరిసినట్టు అటూ ఇటూ ఊగతంది. గట్టుమీద అందరూ నిలబడున్నారు. రొయ్యల రోజులు దగ్గరికొచ్చీసేయి. ఆ పల్లెకి ఒకటే పెద్దవల, ఇంటింటికీ అందులో వాటా. వల దిగకపోతే పొయ్యి ఎలగదు. మా అప్ప నన్ను సూసి, ముందు హల్వా అందుకోనేదు, నా చెయ్యి పట్టీసుకుంది.

వలకి పెద్ద మా బావ అన్న, సింహాచలం. నాకు పెద్దబావ వరస. ఆయన నిలబడమంటే నిలబడాల, కూకోమంటే కూకోవాల. ఇంట్లో నూనె ఒలికితే ఏటి సేస్తాం? కీడని, ఎవళ్ళూ సూడకముందే ఆడోళ్ళు మన్ను జల్లి కప్పీసి ఊడిసీస్తారు. నీకు తెల్దు గాని మీ నాయనమ్మా అలాగే సేసీది. పెద్దబావ అదే సేయించేడు, ఏటిమీద. "ఆడోళ్ళందరూ తట్టలు తెండి. గట్టుమన్ను తవ్వి జల్లండి. కీడు కప్పీయాల" అన్నాడు.

నాను వొద్దన్నాను. ఇది బాగా రాసుకో... రాయవా, ఫోనే రాస్తాదా, సరే. వొద్దన్నాను. "పెద్దబావా, మా గానుగ కాడ ఇంజన్నూనె కాలవలోకి కారితే, బురదకంటుకుని అడుక్కి దిగిపోయింది. పోయిందనుకున్నాం. మరుసటేడు కాలవ పూడిక తీస్తే నూనె బొట్లు బొట్లుగా పైకి తేలింది. మన్ను ఎయ్యకు. గడ్డి మోపులు దింపు, చెరుకు పిప్పి బళ్ళమీద నాను తోలిస్తాను, పీల్చిందాన్ని గట్టుకి లాగీద్దాం" అన్నాను.

ఆయనేటన్నాడో తెలుసా? "చెరువులో జెల్లలు పట్టుకునీవోడు మొగ గురించి మాకు సెప్తాడా? ఎళ్ళి బెల్లం నాక్కోరా." పదిమందీ నవ్వేరు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ఇనబడతాది. అప్ప ఒక్కతీ నవ్వనేదు. "తమ్ముడు సెప్పింది ఇనండి" అంది. ఇంటి కోడలు బావగారి ఎదర నోరిప్పడమంటే ఆ రోజుల్లో... సరే.

జల్లేరు. తట్టలు తట్టలు. నాను మాత్రం తట్ట ముట్టనేదు, ఆవలికెళ్ళి నిలబడ్డాను. అప్పా ముట్టనేదు.

మరి నిజం సెప్పాలంటే నీళ్ళు తేటపడ్డాయి. ఆ మన్ను ఒకటే కాదు, ఏటి ఎర్రనీరుకి ఉప్పునీరు తగిల్తే ఇరిగిన పాలలాగ బురదంతా ముద్దలు ముద్దలు కడతాది, నువ్వు సూసుండవు. ఆ ముద్దల్లో నూనె సుక్కలు సిక్కుకున్నాయి. నూనె ఒక్కటీ ఉంటే తేల్తాది. మన్ను పట్టుకుంటే బరువైపోయి దిగిపోతాది. అలా దిగిపోయింది. అందరూ "పోయింది పోయింది" అన్నారు. పెద్దబావ మీసం దువ్వుకుని, "ఏరా బెల్లపోడా, ఏదీ నీ నూనె?" అన్నాడు. నాను అడుగు సూపించేను. నీళ్ళలో అడుగేటి కనబడతాది? మళ్ళీ నవ్వేరు. నాను చోడవరం వొచ్చీసేను గాని కబురొస్తాదేమో కబురొస్తాదేమోని బస్సాగే సోటికి పొద్దున్నే ఎళ్ళి నిలబడీవోణ్ణి.

వొచ్చింది. పెద్దవల దింపేరు. అడుగు రాసుకుంటా వొచ్చే వల గదా, బురద కదిలిపోయింది, నూనె రంగులు రంగులుగా మళ్ళీ పైకొచ్చింది. వల నల్లబడిపోనాది. రొయ్యలు సూడ్డానికి బాగున్నాయి, ఉడకబెడితే కిరసనాయిలు కంపు. సంతలో కొన్నోళ్ళు తట్టలు తెచ్చి మొకాన పడీసేరు. మళ్ళీ దింపేరు, మళ్ళీ అదే. పోటుకీ పాటుకీ ఆ బురద అటూ ఇటూ తిరుగుతానే ఉంది గాని మొగ దాటి పోనేదు. వల దింపిన పెతీసారీ ఆడోళ్ళు గట్టుమీద నిలబడి ముందు వాసన సూసీవోళ్ళంట. మా అప్ప సెప్పింది.

పదిమందీ కూకున్నారు, ఎవరిది తప్పని. సింహాచలం ఆ కూటంలో ఏటన్నాడు? "చోడవరం నుంచి నూకాలు తమ్ముడొచ్చేడు గదా, ఇంజన్నూనె తెలిసినోడని. ఆడే ఎయ్యమన్నాడు మన్ను." నా ఎనక అన్నాడు ఆ మాట. నవ్విన పదిమందీ తల దించుకున్నారు. మా అప్ప లేచి, "మావోడు వొద్దన్నాడు. మీరే ఎయ్యమన్నారు. నాను ఇన్నాను" అంది.

అంతే. అబద్దాలాడీదాని ఇంటికి వలలో వాటా నేదన్నారు. మా బావ అప్పని తీసుకుని చోడవరం వొచ్చీసేడు. సముద్రం మీద పుట్టిన మనిషి చెరుకు కొట్టేడు, సేతులు కోసుకుపోతే పసుపు అద్దుకుని మళ్ళీ కొట్టేడు. అప్ప ఆ పల్లె పేరెత్తనేదు. రొయ్యలు ఒండితే మాత్రం, పొయ్యి మీద నుంచి గరిటెడు తీసి ముందు వాసన సూసీది. ఇక్కడి చెరువు రొయ్యలేనే. ఐనా సూసీది.

సింహాచలం పోయేడు. నాను ఎళ్ళనేదు. ఎందుకెళ్తాను?

ఇప్పుడు నువ్వు పెళ్ళికెళ్తన్నావు గదా ఆ పల్లెకి. ఆ సింహాచలం మునిమనవడిదేనంట పెళ్ళి, నీతో సదివినోడంట. అక్కడ ఇప్పటికీ సెప్పుకుంటారంట, చోడవరపోడు మొగ పాడుసేసేడు, ఆడి అప్ప అబద్దమాడి కప్పబోయిందని. మొన్న మన బజారులో ఒకడు నా ఎదరే అన్నాడు, నానెవరో తెలీక. నాకింక ఎన్నాళ్ళుందో తెలీదు, నానుపోతే ఆ మాటే మిగుల్తాది. నాకు నిద్రట్టడం నేదు తల్లీ.

నువ్వు సెప్పాల. మన్ను ఎయ్యమన్నది సింహాచలం, వొద్దన్నది సత్తెయ్య, నిజం సెప్పి వాటా పోగొట్టుకుంది నూకాలమ్మ. పేర్లు మూడూ సెప్పు, ఒకటీ మింగీకు. భోజనాలయ్యాక కాదు, తిన్నాక ఎవుడూ ఇనడు. ముందే సెప్పు. పెద్దోళ్ళు కూకున్న కాడ సెప్పు. నువ్వు సల్లగుండాల, నీ నోరు తడబడకుండా ఉండాల.

ఏదీ, ముందు నాకు సెప్పు, ఏటి సెప్తావో.