ఒంటికన్ను దరుమా

ఉత్తరాన ఒక చేపల రేవు. కొత్త సంవత్సరం వెళ్ళిన వారానికి, పొద్దున్నే. ముసలి గిహేయ్, అతని కోడలు సయో.

"ఆ గుడ్డ ఇటివ్వు సయో. దరుమా బొమ్మని మూట కట్టాలి."

"ముందు జావ తాగండి మావయ్యా. చల్లారిపోతోంది."

"తాగాను."

"ఎక్కడ తాగారు? గిన్నె నిండుగా అలాగే ఉంది."

"వచ్చాక తాగుతాలే. మధ్యాహ్నం దాటితే గుళ్ళో మంట ఆర్పేస్తారు. పాతది ఆ మంటలో వెయ్యాలి, కొత్తది తేవాలి. ఏటా ఇదేగా, నీకు కొత్తగా చెప్పాలా?"

"బయట మోకాళ్ళ దాకా మంచు. మీ మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. ఈ ఏడు మానేద్దాం."

"మానేద్దామా?"

"అంటే... ఇదే ఉంచుకుందాం. బాగానే ఉందిగా. ఎరుపు కూడా వెలవలేదు."

"రంగు వెలవకపోతే ఉంచుకోడానికి ఇదేమన్నా బకెట్టా? కళ్ళు లేని బొమ్మకి కోరిక చెప్పుకుని ఎడమ కన్ను వేశాం. తీరితే రెండోది వేస్తాం. తీరలేదు. ఏడాది తిరిగాక దాన్ని ఇంకా ఒంటికన్నుతో కూచోబెట్టకూడదు. పాపం, దాని పనైపోయింది. దణ్ణం పెట్టి కాల్చేసి, ఇంకాస్త పెద్దది తెచ్చుకోవాలి."

"పెద్దది ఎక్కడ పెడతారు? ఇదే అల్మారాలో పట్టక అత్తయ్య ఫొటో పక్కకి జరిపాను. ఇంకో రెండేళ్ళు పోతే మనం వాకిట్లో పడుకోవాలి."

"పడుకుందాం. అది లోపల పడుకుంటుంది."

"నవ్వులాట కాదు మావయ్యా."

"నేనూ నవ్వట్లేదు. అసలు నీకేమైంది? మావాడు షూజి పడవ సముద్రంలో గల్లంతైన ఏడు నన్ను చెయ్యి పట్టుకుని గుడికి లాక్కెళ్ళింది ఎవరు? ఆయన తిరిగొస్తారు, మీరే కన్ను వెయ్యండి మావయ్యా అని కుంచె చేతిలో పెట్టింది నువ్వు కాదూ?"

"నేనే."

"మరి?"

"అప్పుడు వేరు."

"ఏం వేరు? సముద్రం అదే. ముసలాడూ వీడే."

"మీరు మళ్ళీ కుంచె పట్టుకుని ఆ కన్ను వేస్తుంటే నేను చూడలేను. చాలా?"

"చూడలేకపోతే అటు తిరుగు. ఎవరైనా ఏమన్నా అన్నారా నిన్ను?"

"ఎవరంటారు?"

"ఏమో మరి. ఈమధ్య నేను రేవుకి వెళ్తే మాటలు ఆపేస్తున్నారు. వలలు కుట్టేచోట కూచుంటే టీ ఇస్తారు గానీ మొహం చూడరు. ఆ వాగుడుకాయ తోమెజి కూడా అంతే. గాలి ఎక్కువగా ఉంది అంటాడు, లేచిపోతాడు."

"చలి కదా. ఈ చలికి ఎవరు మాట్లాడతారు?"

"తోమెజి చచ్చినా మాట్లాడతాడు."

"మీకే సరిగ్గా వినపడట్లేదేమో."

"నా చెవులకేం రోగం? రాత్రిళ్ళు నీ ఏడుపు గోడ అవతల్నించి వినపడుతూనే ఉంది."

"నేనేం ఏడవలేదు."

"సరే, పిల్లి ఏడ్చింది."

"మనకి పిల్లి లేదు."

"అదే నేనూ అంటున్నా. ఇలా కూచో. కూచో అంటే కూచోవే. ఆ ఐసు ఫ్యాక్టరీ ఒగాటా మళ్ళీ కబురు పెట్టాడు."

"మళ్ళీ ఆ మాటా?"

"మంచివాడు. భార్య పోయాక తాగుడు కూడా మానేశాడు. నిన్ను చూస్తే నత్తి వస్తుంది గానీ, మనిషి మంచివాడు."

"నాకు మొగుడున్నాడు."

"ఎక్కడ?"

"మావయ్యా..."

"ఎక్కడున్నాడో చెప్పు. నీకు తెలీదు. నాకూ తెలీదు. ఉన్నాడని లేదు, పోయాడని తేలలేదు. నువ్వు పెళ్ళానివీ కాదు, విధవవీ కాదు. రేపు నేను పోతే ఈ ఇంట్లో బొమ్మ మొహం చూస్తూ కూచుంటావా?"

"మీరు పోరు. ఆయన వస్తారన్న ఆశ ఉన్నన్నాళ్ళూ మీరు పోరు. ఆ ఆశతోనే కదా లేచి తిరుగుతున్నారు, నాకు తెలీదా?"

"నాకా? ఎవరు చెప్పారు నీకు?"

"ఒకళ్ళు చెప్పాలా? ఏటికేడు పెద్ద బొమ్మ మోసుకొస్తున్నది ఎవరు?"

"ఓసి పిచ్చిదానా."

"ఏం?"

"వాడు రావాలని మొదటి ఏడు కోరుకున్నాను. అంతే. ఆ తర్వాత కోరలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ నీళ్ళ మీద బతికినవాణ్ణి, అవి ఎవర్ని తిరిగిస్తాయో ఎవర్ని ఇవ్వవో నాకు తెలీదూ?"

"మరి ఈ కన్ను? పోయినేడు ఇది వేస్తూ ఏం కోరుకున్నారు?"

"ఎందుకులే."

"చెప్పండి."

"ఒక్క ఎముక."

"ఏంటీ?"

"వాడి ఎముక. బూటులో ఇరుక్కున్న వేలెముకైనా సరే, ఎవరి వలలోనైనా పడాలని. దాన్ని మీ అత్తయ్య పక్కన సమాధిలో పెట్టేసి, కర్మ చేయించేసి, నిన్ను తీసుకెళ్ళి ఆ ఒగాటా ఇంట్లో దింపొద్దామని. కన్నకొడుకు శవం ఇప్పించమని మొక్కుకున్న తండ్రిని ఎక్కడైనా విన్నావా? నాకే సిగ్గేసింది. అది కూడా ఈ బొమ్మకి చేతకాలేదు. ఏం చేస్తాం, ఇంకోటి తెద్దాం. గుడ్డ ఇలా ఇవ్వు. అరె, గుడ్డ అలా వెనక్కి దాస్తావేం? సయో?"

"మీరు తట్టుకోలేరనుకున్నాను మావయ్యా."

"దేన్ని?"

"వింటే అదే రోజు పోతారనుకున్నాను. అందుకే రేవంతా తిరిగి కాళ్ళు పట్టుకున్నాను, ఎవరూ చెప్పొద్దని."

"ఏం చెప్పొద్దని?"

"మూట కట్టకండి. దాన్ని కాల్చక్కర్లేదు, కుంచె తెస్తాను, రెండో కన్ను వేసెయ్యండి. ఆకులు రాలేటప్పుడే, నాలుగెముకలై, తోమెజి వలలో దొరికారు. మీ అబ్బాయి నా బట్టల పెట్టెలో ఉన్నారు."