‘హెచ్చరిక పంపు’ కనబడని ఇరవై ఎనిమిది నిమిషాలు

నా పేరు మైత్రి. వయసు ముప్పై ఒకటి. మాది చీరాల. ఏడేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. వాషర్‌మెన్‌పేట్‌లో వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే ఒక చిన్న కంపెనీలో కస్టమర్ సపోర్ట్ పని చేస్తాను. తమిళం మాట్లాడతాను గాని ఈ సంగతి తమిళంలో చెప్పడం నావల్ల కాదు. అందుకని తెలుగు తెలిసిన సునయన గారిని పిలిపించారు. నేను చెబుతుంటే ఆవిడ రాస్తున్నారు. చెప్పి తీరాలని లేదని, చెప్పింది నాకే ఎదురు తిరగవచ్చని మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు హెచ్చరించారు. తెలిసే చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. మా ఓనర్ రఘురామ్ గారు మాత్రం రావద్దన్నారు.

తిరువొత్తియూరులో సముద్రం వైపున్న ఒక కాలనీ సంఘానికి మేము వెబ్‌సైట్ నడుపుతున్నాము. ఆ కాలనీ వెనక చేపలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. అందులో అమ్మోనియా వాడతారు. మూడేళ్ల కింద ఒకసారి కొంచెం లీకై పిల్లలు వాంతులు చేసుకున్నారట. ఆ తర్వాత సంఘం వాళ్లు మా దగ్గరికి వచ్చి ఒక ఏర్పాటు చేయించుకున్నారు. సంఘం కార్యదర్శి సైటు లోపలికి వెళ్లి ఎడమవైపు మెనూలో ‘హెచ్చరిక పంపు’ అనేది నొక్కితే ఆరువందల పన్నెండు ఫోన్లు ఒకేసారి మోగుతాయి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని సముద్రం వైపు వెళ్లమని గొంతు వినిపిస్తుంది.

కార్యదర్శి పేరు తిరువేంగడం. అరవై నాలుగేళ్ల మనిషి. వాళ్లు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. వాళ్ల తెలుగు వేరు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

2025 సెప్టెంబరు 20, శనివారం, తెల్లవారుజామున అయిదు గంటలకు తిరువేంగడం గారు ఆ హెచ్చరిక పంపారు. లీకు లేదు, ఏమీ లేదు. వేంకటేశ్వరస్వామికి ముఖ్యమైన తమిళ నెల పురట్టాసిలో మొదటి శనివారమని తన గొంతుతో గోవింద నామం రికార్డు చేసి కాలనీ అందరికీ పంపారు. జనం గ్యాస్ అనుకుని పసిపిల్లల్నెత్తుకుని వీధిలోకి పరిగెత్తారు. ఒక ముసలాయన పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. సోమవారం ఆఫీసు తెరిచేసరికి తిట్లతో ఫోన్లు. పదకొండు ఫోన్లు నేనే ఎత్తాను.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉంది. కస్టమర్ ఏదైనా ఆప్షన్‌ను ఇష్టమొచ్చినట్టు వాడుతుంటే, వద్దని చెప్పం, వాళ్ల లాగిన్‌లో అది కనబడకుండా దాచేస్తాం. చెబితే అరగంట వాదిస్తారు. దాచేస్తే అడగరు. పది మందిలో తొమ్మిది మంది గమనించరు కూడా. దాచినట్టు ఆ కస్టమర్ పేజీలో నోట్ రాయాలి, అంతే. ఆ సోమవారం, సెప్టెంబరు 22, మధ్యాహ్నం ఒంటిగంటా పదికి నేను సెట్టింగుల్లోకి వెళ్లి ‘కార్యదర్శి’ అన్న వరుసలో ‘హెచ్చరిక పంపు’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేశాను. నెలయ్యాక తిరిగి పెడదాంలే అనుకున్నాను. నోట్ రాయలేదు. క్యారేజీ తెరిచి ఉంది, సాంబారన్నం చల్లారిపోతోందని రాయలేదు.

తర్వాత మరిచిపోయాను. పూర్తిగా మరిచిపోయాను. ప్రతి నెలా మొదటి ఆదివారం పరీక్షగా ఒకసారి హెచ్చరిక మోగించాలని సంఘం నియమం. అందరిచేతా తిట్లు తిన్న సిగ్గుతో ఆయన రెండు నెలలు దాని జోలికే పోలేదు. అందుకని అది లేదన్న సంగతి ఆయనకూ తెలియలేదు.

నవంబరు 13, గురువారం. మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకు నా ఫోన్ మోగింది. మా ఫోన్లన్నీ రికార్డవుతాయి, టైములు అందులో చూసుకునే చెబుతున్నాను.

“ఏం మా మైత్రీ, ఆ మెసేజ్ పంపేది ఏడ పోయింది? ఎడమ పక్క ఉండేది గదా, ఈడ లేదే!” అన్నారు.

“పేజీ ఒకసారి రిఫ్రెష్ చేయండి సార్” అన్నాను.

“వాసన వస్తా ఉండాది మా. కండ్లు మండతా ఉండాయి.”

ఆ వైపు ఏదో ఒక వాసన రాని రోజు ఉండదని మేము ఆఫీసులో అనుకుంటూ ఉంటాం. పైగా గోవింద నామం మనిషి. నేను నమ్మలేదు. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కాని నమ్మలేదు. నా లాగిన్‌తో సైటు తెరిచి చూశాను. మా లాగిన్‌లో అన్నీ కనబడతాయి, ఏదీ దాగదు. ‘హెచ్చరిక పంపు’ నా కళ్లెదురుగా ఉంది. “నాకు కనబడుతోంది సార్, మీరు సరిగ్గా చూడండి” అన్నాను. ఈ మాట ఆయనతో నాలుగుసార్లు అన్నాను. రికార్డింగులో లెక్కపెట్టాను, నాలుగుసార్లు.

నేనే నొక్కి ఉండవచ్చు గదా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. నొక్కవచ్చు. కస్టమర్ తరఫున మేం సందేశాలు పంపకూడదని కంపెనీ రూలు. నేను రూలు పాటించాను.

మూడు ఇరవైకి ఆయన ఇలా అన్నారు. “ఎదురింట్లో చిన్నపొన్ను పడుకోనుంటాది. పాపం, రెండు గంటల రాత్రికే లేసి హార్బరుకు పోతాది గదా. పొయ్యి తలుపు తట్టేసి వచ్చేస్తా మా, రెండే నిమిషాలు.”

చిన్నపొన్ను అంటే చేపలమ్మే ఆవిడ. నలభై ఆరేళ్లు. ఆవిడ ఇల్లు ఐసు ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఉంది.

నేను ఇలా అన్నాను. “సార్, మీరు లేచి వెళితే మళ్లీ మొదటికొస్తుంది. నేను చెప్పినట్టు లాగౌట్ అయ్యారు గదా, ఇప్పుడు మళ్లీ పాస్‌వర్డ్ కొట్టండి. కదలకుండా కూర్చోండి. అయిదు నిమిషాల్లో అయిపోతుంది.”

“సెరి మా. నువ్వు చెప్తే సెరి” అన్నారు.

పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టారు. దగ్గుతూనే ఉన్నారు. వేరే బ్రౌజర్‌లో చూడమన్నాను. అది డౌన్‌లోడ్ కావడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఫోన్‌లో చూడమన్నాను, ఫోన్‌లో చూడాలంటే కాల్ కట్ చేయాలి గదా అన్నారు. “అబ్బా, అదీ నిజమే” అని విసుక్కున్నాను. మూడు ముప్పై ఒకటికి మళ్లీ అడిగారు, “తలుపు తట్టేసి రానా మా?” అని. మళ్లీ వద్దన్నాను.

మూడు ముప్పై ఎనిమిదికి, చెప్పడానికి ఇంకేమీ మిగలక, సెట్టింగులు తెరిచాను. కార్యదర్శి వరుసలో ఒక గడి ఖాళీగా ఉంది. పక్కన తేదీ ఉంది, టైము ఉంది, మైత్రి అని నా పేరుంది.

టిక్కు పెట్టాను. ఒక్క క్షణం పని. “ఇప్పుడు చూడండి” అన్నాను. “వచ్చింది మా, వచ్చింది! నీకు పుణ్యం” అన్నారు. మూడు నలభైకి హెచ్చరిక వెళ్లింది. ఏమైందని ఆయన అడిగారు. “సర్వర్ ప్రాబ్లం సార్” అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! తడుముకోలేదు కూడా.

ఆ సాయంత్రం నలభై మందికి పైగా ఆస్పత్రిలో చేరారు. అందరూ బతికారు. చిన్నపొన్ను ఫోన్‌కు మా సిస్టమ్ నుంచి మూడుసార్లు కాల్ వెళ్లింది. మూడుసార్లూ ఎత్తలేదని, ప్రతి పనీ నమోదయ్యే లాగ్‌లో ఉంది. ఆవిడ చాప మీద పడుకున్నది పడుకున్నట్టే ఉందట.

నవంబరు 15న నేను అక్కడికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు, ఆఫీసులో కూర్చోలేక వెళ్లాను. చిన్నపొన్ను వాకిట్లో షామియానా కింద తిరువేంగడం గారున్నారు. నన్ను చూసి లేచి వచ్చారు. చిన్నపొన్ను కూతురు కోకిలకు నన్ను చూపించి, “ఈ బిడ్డే మా ఆ పొద్దు దారి చేసింది. ఇది లేకుంటే ఇంకా ఎంతమంది పోయుందురో” అన్నారు. కోకిల నా రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకోనిచ్చాను. వాళ్లు ఇచ్చిన టీ కూడా తాగాను.

అయిదు రోజుల తర్వాత కోకిలే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. ఎదురింటి మనిషి, సంఘం కార్యదర్శి, వాసన వస్తోందని తెలిసి కూడా అరగంట సేపు తన ఇంట్లోనే కూర్చున్నాడు, మా అమ్మ తలుపు తట్టలేదు అని. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె చూసింది అదే. పోలీసులు తిరువేంగడం గారి మీద కేసు పెట్టారు. వీధిలో ఎవరో ఆయన కిటికీలు పగలగొట్టారు. పోలీసులు అడిగితే ఆయన ఏం చెప్పారో ఎస్సై చిన్నతంబి గారు నాకు చదివి వినిపించారు. తనకు కంప్యూటర్ సరిగ్గా రాదని, అది కనబడక వెతుక్కుంటూ ఉండిపోయానని, తప్పు తనదేనని చెప్పారు. నేను లేవద్దన్నట్టు ఒక్క ముక్క లేదు. చిన్న పిల్ల, ఉద్యోగం పోతుందని అనుకున్నారేమో. నా మీద దయతో ఆయన జైలుకు పోతానంటే నేనెలా ఊరుకోను!

ఆయన లేవబోయారు. రెండుసార్లు లేవబోయారు. రెండుసార్లూ కూర్చోబెట్టింది నేను. ‘హెచ్చరిక పంపు’ ఆయనకు కనబడకుండా దాచిపెట్టింది కూడా నేనే. రికార్డింగు, లాగ్ కాపీ పెన్ డ్రైవ్‌లో పెట్టి కోర్టుకు ఇచ్చాను. లాగ్‌లో నా పేరు చెరిపేసే వీలు నా లాగిన్‌కు ఉంది. చెరపలేదు.

ఇదంతా సునయన గారు నాకు తెలుగులో చదివి వినిపించారు. ఒకచోట ‘సాంకేతిక లోపం వలన ఆప్షన్ కనబడలేదు’ అని రాశారు. మా ఓనర్ కూడా ఆ మాటే చెప్పమన్నారు. లోపం ఏమీ లేదు, అంతా సరిగ్గానే పనిచేసింది. ఆ వాక్యం కొట్టేయించి ‘మైత్రి తీసివేసింది’ అని రాయించాను, కొట్టేసిన చోట పొట్టి సంతకం పెట్టాను. మిగిలినదంతా నేను చెప్పినది చెప్పినట్టే ఉంది, జరిగినది జరిగినట్టే చెప్పాను.

(సంతకం) మైత్రి