టర్ఫ్ మీద నీళ్లు

కాలేజీ కొత్తగా పెట్టిన అమ్మాయిల హాకీ జట్టుకు అదే తొలి మ్యాచ్. అంపైర్ కోపంగా గడియారం చూపించేసరికి కోచ్ మేడం కెప్టెన్ దగ్గరికి పరుగెత్తింది.

“నీళ్లు బంద్ చేసింది ఎవురుమే?”

“నేనే మేడం! ఎవురో వాల్వు తిప్పేసి మర్సిపోయినారు. గ్రౌండంతా వానే! బోరు ఎండిపోదా?”

“ఇది ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్, తడిపితేనే బాల్ సాఫీగా పోయేది! ఐదు నిమిషాల్లో తడవకుంటే మనం ఓడినట్టే రాసుకుంటారంట.”

“ఆటకు నీళ్లా? మాకాడ శెనక్కాయ పంటకే లేవు! మా నాయన నమ్ముతాడా?”

“నాయనకు తర్వాత చెప్దువులే, ముందు తిప్పుమే!”

కెప్టెన్ వాల్వు తిప్పింది. గ్రౌండు చుట్టూ ఉన్న గొట్టాల్లోంచి నీళ్లు ఆకాశానికి ఎగిశాయి. జట్టంతా కేకలేస్తూ వాటి కిందికి ఉరికింది.

“అయ్యో, వాళ్లను బయటికి లాగుమే!”

“లాగుతా గానీ మేడం, మీరేంది షూలు విప్పుతాండారు?”